ఆయ్ అన్న జీను

మెర్సీని తోడు పెళ్ళికూతురిగా నిలబెట్టడం రాజోలు బంధువులందరికీ అలవాటైపోయింది. చర్చిలో పెళ్ళంటే పెళ్ళికూతురి పక్కన ఒక పెళ్ళికాని పిల్ల బొకే పట్టుకుని, ముసుగు జారకుండా చూస్తూ నిలబడాలి. అలా ఒకటి రెండు పెళ్ళిళ్ళలో నిలబడ్డాక ఆ పిల్ల తనే పెళ్ళికూతురైపోవడం మామూలు. మెర్సీ అవలేదు. వయసు ముప్పై దాటింది, హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తూనే ఉంది, తన ఒళ్ళో పెరిగిన పిల్లల పక్కన కూడా తెల్లచీర కట్టుకుని నిలబడుతూనే ఉంది. కిందటేడు ఒక పెళ్ళిలో మగపెళ్ళివారు ఆమెని పెళ్ళికూతురి పిన్ని అనుకుని చీర పెట్టబోయారు. మెర్సీ కాదనకుండా పుచ్చుకుంది. అది మంచి చీరే.

ఈసారి పెళ్ళి బాబాయి కూతురు సలోమిది. సెలవు దొరకదని మెర్సీ ఫోనులో గొణిగింది. తల్లి సరోజిని అవేమీ చెవిన పెట్టుకోకుండా జాకెట్టు కొలతలు అడిగింది.

మెర్సీ చదువంతా ఒకే ఒక్క జన్యువు మీద. తండ్రి ఇస్సాకు మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, దాన్ని ఇంగ్లీషు మర్యాదతో 'జీను' అంటాడు. మా అమ్మాయి ఒక జీను మీద పనిచేస్తోందని ఆయన పొరుగింటి బాపిరాజుగారితో చెప్పిన రోజున, ఆ కొబ్బరితోటల ఆసామీ ఎంతో ఆసక్తిగా, గుర్రం ఎప్పుడు కొన్నారండీ అని అడిగాడు. మాస్టారు గంటసేపు వివరించాడు. అంతా విన్న బాపిరాజుగారు ఆనాటి నుంచి మెర్సీ ఎప్పుడు కనబడినా "గుర్రం ఎలా ఉందమ్మా?" అని పలకరిస్తున్నాడు. నిజానికి గుర్రమంటూ ఏదీ లేదు, తన దగ్గరున్నది ఉత్త జీనే అని మెర్సీకి కూడా అప్పుడప్పుడూ అనిపించేది.

సంగతేమిటంటే, మన ఒంట్లో గానీ, బేకరీ రొట్టెని పొంగించే ఈస్టులో గానీ, ప్రతి కణంలోనూ ప్రోటీన్లు పొడుగాటి దారాల్లా తయారవుతాయి. సరిగ్గా మడత పడితేనే అవి పనికొస్తాయి. ఆ మడత పడేలోపు దేనితో పడితే దానితో అతుక్కుని ముద్దకట్టకుండా పక్కన ఉండి కాసుకునే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. వాటిని షాపరోన్లంటారు. పూర్వం దొరల ఇళ్ళలో పెళ్ళికాని అమ్మాయి షికారుకి వెళ్తే వెంట నడిచే పెద్దావిడ పేరది. ఇస్సాకు మాస్టారు దాన్ని 'తోడు పెళ్ళికూతురు' అని తెలుగు చేసి పాస్టరుగారికి చెప్పాడు. పాస్టరుగారు మెర్సీ వంక చూసి, దేవుడు ఎవరికి తగిన పని వాళ్ళకి ఇస్తాడన్నారు. మెర్సీకి అరికాలి మంట నెత్తికెక్కింది, కానీ ఆయన చేతిలో కాఫీ కప్పు ఉంది, అది ఇచ్చింది తనే కాబట్టి ఊరుకుంది.

మెర్సీ జీను కూడా ఆ జాతిదేనని అనుమానం. అనుమానం మాత్రమే. దానికి పేరు లేదు, నంబరే ఉంది. ఏం పని చేస్తుందన్న చోట శాస్త్రజ్ఞులు 'తెలియదు, బహుశా షాపరోన్' అని రాసి చేతులు దులుపుకున్నారు. ఆ 'బహుశా'తో మెర్సీ ఆరేళ్ళు కాపురం చేసింది. జీను తీసేసిన ఈస్టుకి ఉప్పు ఎక్కువ పెట్టింది, తిండి మాడ్చింది, చలికి వణికించింది, వేడికి ఉడికించింది. అది సుబ్బరంగా బతికింది. ఆ జీను లేకపోతే ఏం కొంప మునుగుతుందో చూపించమంటే ఏమీ మునగలేదు.

గైడు భవానీదేవిగారికి ఓపిక ఎక్కువే గానీ, దానికీ ఒక అంతుంటుంది. ఆఖరిగా ఒక్క ప్రయోగం చేసి చూద్దామంది. జీను ఉన్న ఈస్టునీ, లేని ఈస్టునీ ట్యూబుల్లో వేసి వేడినీళ్ళ తొట్టెలో పెట్టాలి. వేడికి ప్రోటీన్లు మడత విప్పుకుని ముద్దకడితే మైక్రోస్కోపు కింద పచ్చ చుక్కల్లా మెరుస్తాయి. జీను లేనిదానిలో చుక్కలు ఎక్కువుంటే అది పనిచేసే జీనని తేలినట్టు. తేడా లేకపోతే ట్యూబులు పారేసి, సోమవారం నుంచి మెర్సీ ఆ ల్యాబులోనే ఉన్న దుర్గేష్ జీను మీదికి మారిపోవాలి. అది ప్రపంచమంతా ఎగబడే జీను. దాని మీద పనిచేయడమంటే తిరనాళ్ళలో ఇంకో మనిషిగా నడవడం. ఆరేళ్ళ పని గోదాట్లో కలిసినట్టేనని మెర్సీకి తెలుసు, అయినా సరేనంది. శనివారమే సలోమి పెళ్ళి గనక, ఆ ప్రయోగం దుర్గేష్‌ని చేసిపెట్టమంది.

దుర్గేష్ ఆయ్ అన్నాడు. అతనిది అమలాపురం.

ఇక్కడ ఈ ఆయ్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే పుట్టి పెరిగింది హైదరాబాదు కావడంతో భవానీదేవిగారు దాన్ని 'అవును' అనుకునేది. కోనసీమలో ఆయ్ అంటే అవును కాదు. మీరు చెప్పింది చెవిన పడింది, మీరంటే మాకు గౌరవం ఉంది, పని సంగతి తరవాత చూద్దాం అని. ఆ తరవాత అన్నది ఈ సాయంత్రమా, వచ్చే ఏడాదా అన్నది అన్నవాడి దయ. ఎదుటి మనిషికి కాదని చెప్పడం మా వైపు మొరటుతనం. బాపిరాజుగారి కొబ్బరిచెట్టు ఒకటి ఇస్సాకు మాస్టారి ఇంటి మీదికి వంగి ఉంది. ఎప్పుడు ఏ కాయ ఎవరి నెత్తిన పడుతుందోనని, దాన్ని కొట్టించండి బాబూ అని మాస్టారు అడిగితే ఆయన ఆయ్ అన్నాడు. మెర్సీ అప్పుడు టెన్త్ చదువుతోంది. చెట్టు ఇప్పటికీ అలాగే వంగి ఉంది, కాయలు మాత్రం బాపిరాజుగారు వేళకి దింపించుకుంటూనే ఉన్నాడు. ఆయన్ని మాట తప్పాడని ఎవరూ అనరు. ఎందుకంటే ఆయన మాటే ఇవ్వలేదు, ఆయ్ అన్నాడంతే.

మే నెలలో పెళ్ళి పెట్టాలన్న బుద్ధి ఎవరికి పుట్టిందో గానీ, ఆ బుద్ధి పుట్టినవాళ్ళంతా చర్చిలో ముందు వరసలో ఫ్యాన్ల కింద కూర్చున్నారు. పాస్టరుగారి ప్రసంగం మొదలైన కాసేపటికి కరెంటు పోయింది. జనరేటరు ఉంది, దాన్ని తిప్పేవాడు బిర్యానీ దగ్గర ఉన్నాడు. మైకు పోయినా పాస్టరుగారికి గొంతు ఉంది కాబట్టి ప్రసంగం ఆగలేదు. భార్యాభర్తలు ఎలా మెలగాలో ఆయన మొదటి నుంచీ చెప్పుకొస్తున్నారు, మధ్యలో ఏదీ వదిలిపెట్టేలా లేరు. సలోమి మొహం మీది పౌడరు చెమటకి కాలవలు కట్టింది. పెళ్ళికొడుకు సన్నీ కోటులో ఉడికిపోతూ, ఎందుకు ఒప్పుకున్నానా అన్నట్టు పైకప్పు వంక చూస్తున్నాడు.

మెర్సీ ఫోను బొకేలో ఉంది. గులాబీల మధ్య రబ్బరు బ్యాండు పెట్టి బిగించింది. ఓర్పు గురించిన భాగం నడుస్తుండగా బొకే ఉన్నట్టుండి వణికింది. తల వంచి వాసన చూస్తున్నట్టు నటించి చదివింది. రెండు రకాలూ ఒకేలా ఉన్నాయనీ, మేడం పారెయ్యమంటున్నారనీ, ఏం చెయ్యమంటారనీ దుర్గేష్ అడిగాడు.

మెర్సీ ఇటూ అటూ చూసి, పక్క తలుపులోంచి బొకేతో సహా బయటికి నడిచింది. పెళ్ళి మధ్యలో తోడు పెళ్ళికూతురు లేచిపోవడం ఆ సంఘం చరిత్రలో లేదు. గోడ వెనక నీళ్ళ డ్రమ్ముల పక్కన నిలబడి ఫోను చేసింది. ఇంకోసారి చూడమంది. అతను చూశాడు. చుక్కలు రెండింటిలోనూ అంతే ఉన్నాయి, ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు.

"పారెయ్," అంది మెర్సీ.

"ఆయ్, పారేస్తానండి."

ఫోను పెట్టేసి మెర్సీ ఏడ్చింది. ముక్కు తుడుచుకోవడానికి బొకే తప్ప ఏమీ లేక గులాబీలతోనే తుడుచుకుంది. ఆరేళ్ళలో ఎన్ని పెళ్ళిచూపులు ఎగ్గొట్టింది, ఎన్ని క్రిస్మసులు ల్యాబులో గడిపింది. ఎవరూ పట్టించుకోని జీను కదా, తను పట్టించుకోకపోతే ఎలా అనుకుంది. అదేమో ఎవరూ పట్టించుకోకపోవడానికి తగినట్టే ఉంది. తను ప్రేమించింది ఒక ఉత్త దండగమారిదాన్ని.

పెళ్ళికి వచ్చి, గాలికని బయట నిలబడ్డ బాపిరాజుగారు అప్పుడే అటు వచ్చాడు.

"గుర్రం ఎలా ఉందమ్మా?"

"చచ్చిపోయిందండి."

ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. కాసేపు కండువాతో మొహం అద్దుకుని, పాపం ఎండకేనేమో అన్నాడు. ఎండకేనండి అంది మెర్సీ. అయితే జీను ఇక మీకు పనికిరాదేమో, ఎవరికైనా ఇచ్చేస్తారా అని ఆయన మెల్లిగా అడిగాడు. మెర్సీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఉక్రోషంలోనే, మా ఇంటి మీది చెట్టు కొట్టిస్తారాండీ అని తిరిగి అడిగింది. బాపిరాజుగారు ఎంతో ఆప్యాయంగా ఆయ్ అన్నాడు.

లోపలికి వెళ్ళేసరికి ప్రమాణాలు అయిపోయాయి, ఉంగరాలు అయిపోయాయి. తను లేనందుకు ముసుగు జారలేదు, పెళ్ళికూతురు సొమ్మసిల్లలేదు. ఏ ఒక్కరూ మెర్సీ వెళ్ళడం చూసినట్టు లేదు, రావడం చూసింది ఫోటోగ్రాఫరు ఒక్కడే. ఫ్రేముకి అడ్డొస్తున్నారు, కొంచెం పక్కకి జరగండి మేడం అన్నాడు. మెర్సీ జరిగింది. తనకీ తన జీనుకీ తేడా లేదని ఆమెకి బాగా అర్థమైంది. ఇద్దరినీ తీసేసినా ఎవరికీ ఏ నష్టమూ లేదు.

అసలు గొడవ భోజనాల దగ్గర మొదలైంది. పెళ్ళికొడుకువాళ్ళది ఐ.పోలవరం, ఇంటింటికీ రొయ్యల చెరువులు. అలాంటి ఊరినుంచి వచ్చిన పెళ్ళికొడుకు మేనమామకి రొయ్యల వేపుడు అందలేదు. అందలేదన్న మాట ఒక బంతి నుంచి ఇంకో బంతికి పాకి, ఇంత ఎండలో మమ్మల్ని పిలిచింది ఇందుకా అనే దాకా వచ్చింది. ఇటువైపువాళ్ళంతా ఒక ముద్ద, అటువైపువాళ్ళంతా ఒక ముద్దగా గుమిగూడారు. ఎండ తగ్గింది, కరెంటు కూడా వచ్చింది, మనుషులు మాత్రం విడిపోవడం లేదు.

పెళ్ళికూతురి గదిలో పరిస్థితి ఇంకా ఘోరంగా ఉంది. అమలాపురం నుంచి వచ్చిన బ్యూటీషియన్ ఎన్ని పిన్నులు గుచ్చాలో అన్నీ గుచ్చేసి, ఇంకో పెళ్ళి ఉందని చక్కా పోయింది. కిరీటానికి ముసుగు, ముసుగుకి సవరం, సవరానికి పూలు, పూలకి జరీ అంచు చిక్కుకుని, స్ప్రే కొట్టిన జుట్టు చెమటకి తడిసి అట్టకట్టింది. మేనత్తలు తలో పక్కా లాగుతున్నారు. సలోమి కుర్చీలో కూలబడి, మెర్సీ అక్క ఎక్కడ, మెర్సీ అక్కని పిలవండి అని చిన్నపిల్లలా ఏడుస్తోంది.

మెర్సీ వచ్చి మేనత్తలందరినీ బయటికి పంపేసింది. వాళ్ళకి కోపం వచ్చింది గానీ, రొయ్యల గొడవలో కలవడానికి వెళ్ళినట్టు సర్దుకున్నారు. తలుపు వేసి, సలోమి తలని తన పొట్టకి ఆనించుకుని, ఒక్కొక్క పిన్నూ తీయడం మొదలుపెట్టింది. ఎటు గుచ్చారో అటునుంచే తీయాలి, తొందరపడి లాగితే ఇంకో రెండు బిగుసుకుంటాయి. తీసినవాటిని పెదాల మధ్య పెట్టుకుంటూ, ముసుగుని ఒక కొసనుంచి విడదీస్తూ పోయింది. ఇన్ని పెళ్ళిళ్ళలో నిలబడ్డందుకు ఆ ఒక్క విద్య మాత్రం బాగా వచ్చింది. కాసేపటికి సలోమి ఏడుపు ఆగింది.

"అక్కా, నువ్వు చర్చిలోంచి వెళ్ళిపోవడం నేను చూసేను," అంది సలోమి. "అప్పుడు నువ్వు లేకపోయినా ఏం కాలేదు. ఎలాగో నిలబడిపోయేను. ఇప్పుడు నువ్వు రాకపోతే మాత్రం చచ్చిపోయేదాన్నే."

మెర్సీ చెయ్యి ఆగిపోయింది. పెదాల మధ్య పిన్నులతోనే ఏదో అంది, సలోమికి అర్థం కాలేదు.

వేడిలో కాదు. వేడి తగ్గాక. ఆరేళ్ళుగా తనూ, భవానీదేవిగారూ కష్టం పెట్టగానే వెంటనే చూశారు. వేడి పెట్టి, తీసి, కణం నిలబడిందా పడిపోయిందా అని చూసి, లెక్క తేల్చేశారు. ముద్ద కట్టకుండా ఆపడమే ఈ జీను పని అనుకున్నారు. దానికి ఆ పని చేతకాదేమో. కట్టిన ముద్దని తరవాత తీరిగ్గా విడదీయడం దాని పనేమో. అలా విడదీసేవి ఇంకొన్ని ఉన్నాయని తను చదివింది కూడా, కానీ తన జీనుని ఆ కంటితో చూడనే లేదు. ఇప్పుడు చూద్దామంటే వేడి తగిలి చల్లబడ్డ ఆ ట్యూబులు కావాలి. వాటిని పారెయ్యమన్నది తనే. సోమవారానికి మళ్ళీ కొత్తవి పెంచి, వేడి పెట్టి, చల్లార్చి చూపించే వ్యవధి లేదు. ఇంకో అవకాశం ఇమ్మని భవానీదేవిగారిని అడిగే మొహమూ లేదు.

పిన్నులు గుప్పిట్లో ఉమ్మి ఫోను చేసింది. దుర్గేష్ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. సగం జుట్టు విడిపోయి సగం అట్టకట్టిన సలోమి, ఎవరు పోయారక్కా అని భయంగా అడిగింది.

మెర్సీకి అప్పుడు ఇంటి మీదికి వంగిన కొబ్బరిచెట్టు గుర్తొచ్చింది. దుర్గేష్ ఏమన్నాడు? పారేశానని కాదు. ఆయ్ అన్నాడు. చెట్టు ఇంకా ఉందంటే ట్యూబులూ ఉండొచ్చు. ప్రార్థనంటే పెద్దగా గిట్టని మెర్సీ గట్టిగా కళ్ళు మూసుకుని, ప్రభువా, వాడి చేత ఏ పనీ చేయించకు అని వేడుకుంది.

ఈసారి ఎత్తాడు. గొంతు నిద్రలో ఉంది.

"ట్యూబులు పారేసేవా?"

"ఆయ్." దుర్గేష్ ఆవులించాడు. "పారేద్దామనే అనుకుంటున్నానండి."

మెర్సీ గోడకి చేరగిలబడింది. ఎక్కడున్నాయని అడిగింది. పొద్దున్న పెట్టిన చోటే, బల్ల మీదే ఉన్నాయన్నాడు. అన్నం తిని వద్దామని వెళ్ళాననీ, కునుకు పట్టిందనీ ఎంతో మర్యాదగా సంజాయిషీ చెప్పుకుంటుంటే, ఆ మర్యాదంతా తరవాత, ముందు వెళ్ళి రెండింటినీ మైక్రోస్కోపు కింద చూడమని మెర్సీ అరిచింది. అతను ఫోను పట్టుకునే వెళ్ళాడు. చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు వినబడ్డాయి.

"మెర్సీగారండి. జీను ఉన్నదానిలో చుక్కలు లేవండి. విడిపోయినట్టున్నాయండి. లేనిదానిలో మాత్రం పొద్దున్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయండి."

మెర్సీ నేల మీద కూర్చుని ఏడ్చింది. పొద్దుటి ఏడుపు లాంటిది కాదది. సలోమి కూడా కుర్చీ దిగి, ఎందుకో తెలియకపోయినా, అక్కని పట్టుకుని ఏడ్చింది. ఆ పట్టుకోవడంలో విడదీసిన ముసుగు మెర్సీ గాజులకి చిక్కుకుంది. తలుపు తోసుకుని వచ్చిన మేనత్తలు ఆ దృశ్యం చూసి, తనకింకా కాలేదన్న దిగులు పాపం అనుకుని, తలుపు మళ్ళీ దగ్గరగా వేసి వెళ్ళిపోయారు.

సోమవారం భవానీదేవిగారు దుర్గేష్ తీసిన మైక్రోస్కోపు ఫోటోలు చూసి, మొహంలో ఏ మార్పూ లేకుండా, మళ్ళీ చెయ్యి అంది. మెర్సీ మళ్ళీ చేసింది. మళ్ళీ అంటే మళ్ళీ చేసింది. ప్రతిసారీ అదే జరిగింది. వేడిలో ఆ జీను ఎక్కడుందో అజా అయిపూ ఉండదు. అంతా చల్లబడ్డాక తాపీగా వచ్చి ముద్దలు విప్పుతుంది. ఎవరి జీను మీదికీ ఇక మారక్కర్లేదని భవానీదేవిగారు చెప్పినప్పుడు మెర్సీ బాత్రూములోకి వెళ్ళి కొళాయి తిప్పి ఎగిరి గంతేసింది.

పని తెలిసిన జీనుకి పేరు పెట్టాలి. ఈస్టు జన్యువులకి మూడు ఇంగ్లీషు అక్షరాల పేరు పెట్టడం రివాజు. తోడు పెళ్ళికూతురనే పెట్టమని ఇస్సాకు మాస్టారు పట్టుబట్టాడు. తో, డు, పెలని ఇంగ్లీషు అక్షరాల్లో కలిపితే ఒక పార్టీ పేరు వస్తోందనీ, ఈ రాష్ట్రాల్లో బతకాలంటే అది కుదరదనీ భవానీదేవిగారు కొట్టిపారేసింది. అప్పుడు మెర్సీ ఏ, ఏ, వై అని రాసి చూపించింది. అంటే ఏమిటని ఆవిడ అడిగింది.

"ఆయ్ అండి. మా వైపు మాట."

"అవును అనేగా?"

మెర్సీ, దుర్గేష్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆయ్," అన్నాడు దుర్గేష్.

ఆ వానాకాలంలో సరోజిని ఫోను చేసింది. కొత్తపేటలో ఇంకో పెళ్ళి కుదిరిందనీ, తోడు పెళ్ళికూతురిగా మెర్సీయే కావాలంటున్నారనీ, జాకెట్టు కొలతలు పాతవే కదా అనీ అంది. బాపిరాజుగారు గుర్రం పోయినందుకు ఇంటికి వచ్చి పరామర్శించి వెళ్ళారనీ, చెట్టు అలాగే ఉందనీ కూడా చెప్పింది.

"ఆయ్," అంది మెర్సీ.

కన్నతల్లితో ఎవరూ ఆయ్ అనరు, అది పరాయివాళ్ళతో చేసే మర్యాద. సరోజిని రాజోలులో పుట్టి రాజోలులో పెరిగిన మనిషి. కూతురేమందో ఆవిడకి విడమరిచి చెప్పక్కర్లేదు.

"పోనీ, పెళ్ళయ్యాకైనా వస్తావా?" అంది.

"దానికైతే తప్పకుండా వస్తానమ్మా," అంది మెర్సీ.